ఎడారిలో ఏడాది ఒంటరిగా ఉండొచ్చా? థార్‌లో పదమూడు నెలలు ఉన్న అనుభవంతో నా సమాధానం

మీరు అడిగినవి మూడు. ఉద్యోగం మానేసి ఒక ఏడాది ఎడారిలో ఒంటరిగా ఉండాలనుకుంటున్నారు, అది సాధ్యమేనా? అంత నిశ్శబ్దంలో మనిషి మనసు ఏమవుతుంది? అక్కడ ప్రకృతి నుంచి నిజంగా నేర్చుకునేది ఏమైనా ఉందా, లేక ఫోటోల్లో కనిపించే అందమేనా?

నేను 2016 నవంబర్ నుంచి 2017 డిసెంబర్ దాకా జైసల్మేర్‌కి పడమర వైపు, ఒక ఢాణీకి కిలోమీటరున్నర దూరంలో ఉన్న గుడిసెలో ఉన్నాను. ఢాణీ అంటే పొలాల మధ్య నాలుగైదు ఇళ్ల గుంపు. గుడిసెని అక్కడ ఝూంపా అంటారు. గుండ్రటి మట్టి గోడ, పైన గడ్డి కప్పు. మాది నంద్యాల జిల్లా, రోళ్లపాడు పక్క ఊరు. నా చిన్నప్పుడు మా నాన్న చేనుగట్టు మీద నిలబడి బట్టమేక పిట్టని (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) చూపించాడు. ఆ పిట్ట కోసమే మా ఊరి పక్కన 1988లో అభయారణ్యం పెట్టారు. తర్వాత అది మా వైపు కనిపించడం మానేసింది. ఇంకా మిగిలింది ముఖ్యంగా థార్‌లోనే అని తెలిసి, పిట్టల లెక్కలు రాసే పని దొరికితే వెళ్లిపోయాను. అందుకే మీకు చెప్పేదంతా థార్ గురించే. సహారా గురించో, అరేబియా గురించో నేను మాట్లాడలేను.

ముందు సూటిగా: ఉండొచ్చు. కానీ "ఒంటరిగా" అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఎడారిలో మీ మొదటి ప్రశ్న నీళ్లు. ఆ నీళ్లు మీరు ఒంటరిగా సంపాదించుకోలేరు. జైసల్మేర్ జిల్లాలో ఏడాదికి పడేది మామూలుగా 200 మిల్లీమీటర్ల లోపే. కరువు జిల్లా అని మనం చెప్పుకునే అనంతపురంలో అంతకు రెండింతలకు పైనే పడుతుంది. భూమిలో బోరు వేస్తే చాలా చోట్ల ఉప్పునీళ్లే వస్తాయి. అయినా అక్కడ మనుషులు వందల ఏళ్లుగా బతుకుతున్నారంటే కారణం వాన నీళ్లని వాళ్లు మూడు రకాలుగా చూడటం. పైన పడి పారేది పాలర్ పానీ, అంటే కుంటల్లో, టాంకాల్లో (నేలలో కట్టిన నీళ్ల తొట్లలో) పట్టుకునేది. అట్టడుగున ఉండేది పాతాళ్ పానీ, ఎక్కువగా ఉప్పన. ఈ రెండింటి మధ్య ఇంకొకటుంది, రేజాణీ పానీ. కొన్ని చోట్ల ఇసుక కింద జిప్సమ్ లేదా బంకమట్టి పొర ఉంటుంది. ఇసుకలోకి ఇంకిన వాన నీరు ఆ పొర దాటి ఉప్పునీళ్లలో కలవదు. అలాగని నీళ్లలాగా నిలవనూ నిలవదు. తేమగా ఇసుక రేణువుల మధ్య దాక్కుంటుంది. సరిగ్గా ఆ పొర దాకా సన్నటి బావి తవ్వి వదిలేస్తే, చుట్టూ ఉన్న తేమ చెమ్మగా, చుక్క చుక్కగా ఆ గుంటలోకి ఊరుతుంది. దాన్ని బేరీ అంటారు, కుయీ అనీ అంటారు. మా సీమలో ఎండిన ఏటి ఇసుకలో చెలమ తీసిన వాళ్లకి ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. తేడా ఏమిటంటే ఇక్కడ ఏరు లేదు.

బేరీ దగ్గర నేను మొదటిసారి నిలబడిన పొద్దు ఇప్పటికీ గుర్తుంది. ఇంకా చీకటే. ఢాణీలోని ఇద్దరు ఆడవాళ్లు, వాళ్ల మామగారు వచ్చారు. ఆ పెద్దాయన్ని అందరూ కాకోసా అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. బేరీ నోరు ఒక్క మనిషి దిగేంత ఇరుకు, దానికో చెక్క మూత. మూత తీయగానే లోపల్నుంచి తడి ఇసుక వాసన వచ్చింది. చేద దించారు. నీళ్లలో పడిన చప్పుడు కాదు, అడుగున గీసుకున్న చప్పుడు వచ్చింది, ఎందుకంటే నీళ్ల లోతు జానెడే. చేదని పక్కకి వంచి, తాడు సడలించి, నీళ్లు దానంతటది లోపలికి జారేదాకా ఆగి, మెల్లగా పైకి లాగారు. అలా రెండు కడవలు. అంతే, మూత వేసేశారు. "ఇంకా ఉన్నట్టున్నాయి కదా" అన్నాను నేను. "అది రాత్రికి ఊరడానికి" అన్నాడు కాకోసా. ఆ బేరీని ఆయన ముత్తాత తవ్వాడట. నేను తాగే ప్రతి చెంబూ నాకు ముందు నాలుగు తరాల వాళ్ల రెక్కల కష్టం. అది తెలిసిన రోజు నుంచి "నేను ఒక్కణ్ణే ఉంటున్నాను" అని ఇంటికి ఫోన్‌లో చెప్పడం మానేశాను.

నా దగ్గర రెండు వందల లీటర్ల డ్రమ్ములు రెండు ఉండేవి. రెండు వారాలకోసారి ట్యాంకర్ ట్రాక్టర్ వచ్చి నింపేది. తాగడానికి మాత్రం బేరీ నీళ్లు. మొదటి నెలలో ఒక డ్రమ్ము తొమ్మిది రోజులకే ఖాళీ చేశాను. గిన్నెలు నీళ్లతో కడిగాను, మన ఇంట్లో కడిగినట్టే. కాకోసా కోడలు అది చూసి ఏమీ అనలేదు. ఒక గిన్నె తీసుకుని, పొడి ఇసుక గుప్పెడు వేసి, గుడ్డతో తిప్పి తిప్పి రుద్ది, దులిపి నా చేతికిచ్చింది. జిడ్డు లేదు, వాసన లేదు. స్నానం కూడా అంతే. నులక మంచం మీద కూర్చుని పోసుకుంటారు, కింద పళ్లెం పెడతారు, ఆ నీళ్లు మేకలకి. నేనూ ఆ పద్ధతికి వచ్చాక చలికాలంలో రోజుకి పదిహేను లీటర్లతో అన్నీ గడిచాయి. వేసవిలో తాగడానికే ఆరేడు లీటర్లు పట్టేది.

వేసవి సంగతి ఊరించకుండా చెబుతాను, ఎందుకంటే ప్రాణం పోయేది అక్కడే. నేను వెళ్లడానికి ఆరు నెలల ముందు, 2016 మే 19న, జైసల్మేర్‌కి తూర్పున ఉన్న ఫలోదీలో 51 డిగ్రీలు నమోదైంది. లూ అనే వడగాలి పొద్దున పదింటికి మొదలై సాయంత్రం ఐదు దాకా కొడుతుంది. అక్కడ చెమట కనిపించదు. గాలి అంత పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పుట్టగానే ఆవిరైపోతుంది. "నాకు చెమటే పట్టట్లేదు, బాగానే ఉన్నాను" అనుకుంటారు. అప్పటికే ఒంట్లో నీళ్లు బాగా తగ్గిపోయి ఉంటాయి. దాహం వేసేదాకా ఆగకూడదు. గంటకోసారి తాగాలి, మజ్జిగలో ఉప్పు వేసుకోవాలి, మూత్రం రంగు చూసుకోవాలి. ముదురు పసుపు అయిందంటే ఆ రోజు బయట పని బంద్.

మే నెలలో ఒక మధ్యాహ్నం నేను ఈ నియమం తప్పాను. పిట్టల జాడ చూద్దామని మూడు కిలోమీటర్లు వెళ్లాను, చేతిలో లీటరు సీసా. తిరిగి వస్తుంటే పడమర ఆకాశం ఇటుక రంగుకి మారింది. ఆంధీ, అంటే దుమ్ము తుఫాను. ఐదు నిమిషాల్లో నా చేయి నాకు కనిపించలేదు. మంచి ఆలోచన ఒక్కటే వచ్చింది, కదలకుండా కూర్చోవడం. జిల్లేడు పొద పక్కన, గాలికి వీపు పెట్టి, తలపాగా ముఖానికి చుట్టుకుని కూర్చున్నాను. దాదాపు గంటన్నర. గాలి తగ్గాక లేచి చూస్తే నా అడుగులు లేవు, నేను గుర్తు పెట్టుకున్న దారీ లేదు. ఇసుక మీద అలల గీతలు మాత్రం ఉన్నాయి. వేసవిలో అక్కడ గాలి నైరుతి నుంచి వీస్తుంది, గీతలు ఆ గాలికి అడ్డంగా పడతాయి. అంటే ఆ గీతల్ని బట్టి దిక్కు తెలుసుకోవచ్చు. ఆ లెక్కతో తూర్పు పట్టుకుని నడిచాను. గుడిసె కనిపించేసరికి నాలుక అంగిలికి అతుక్కుపోయి ఉంది. గుడిసె ముందు కాకోసా కూర్చుని ఉన్నాడు, కుండతో నీళ్లు పెట్టుకుని. నేను బయటికి వెళ్లడం ఆయన మేకల కాపరి చూశాడట. ఆ రోజు నుంచి ఎటు వెళ్తున్నానో చెప్పకుండా నేను గడప దాటలేదు. మీరూ దాటకండి.

ఇక మనసు గురించి. మొదటి రెండు వారాలు బాగా కష్టంగా ఉంటుంది. రాత్రి నక్క అరిస్తే గుండె దడ. పగలు ఏమీ తోచక ఫోన్ తీస్తారు, సిగ్నల్ ఉండదు, అయినా పదిసార్లు తీస్తారు. పాత గొడవలన్నీ గుర్తొస్తాయి, ఎప్పుడో ఎవరో అన్న మాటకి ఇప్పుడు జవాబులు తయారవుతుంటాయి. నాకైతే పైకే మాట్లాడేంత అయ్యింది. భయపడకండి, అది పిచ్చి కాదు. ఇంతకాలం చప్పుడు కింద నొక్కి పెట్టిందంతా పైకి తేలడం. మూడో వారంలో ఒక సాయంత్రం నాకు తెలియకుండానే అది ఆగిపోయింది. సేవణ్ గడ్డి దుబ్బులో గాలి దూరే చప్పుడు వేరు, ఎండిన ఫోగ్ అనే పొద కొమ్మల్లో దూరే చప్పుడు వేరు అని ఆ సాయంత్రం మొదటిసారి గమనించాను. రెండూ అంతకుముందు కూడా ఉన్నాయి. నా చెవి ఇప్పుడు ఖాళీ అయింది, అంతే.

అయితే ఒక హెచ్చరిక. ఏదో బాధ నుంచి పారిపోవడానికి వెళ్తుంటే వెళ్లొద్దు. డిప్రెషన్ ఉంటే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నిశ్శబ్దం మందు కాదు. లోపల ఉన్నదాన్ని అది పెద్దగా వినిపిస్తుంది, మంచైనా చెడైనా.

చెవి ఖాళీ అయ్యాక కన్ను పని మొదలుపెడుతుంది. ఎడారి ఖాళీగా ఉంటుందని మీరు అనుకుంటున్నట్టు మీ ప్రశ్నలో అనిపించింది. తెల్లవారి, గాలి లేవకముందు, గుడిసె చుట్టూ ఒక చుట్టు తిరగండి. రాత్రి ఎవరెవరు వచ్చారో ఇసుక చెబుతుంది. బొద్దింక సైజు నల్ల పురుగుది సన్నటి కుట్టు లాంటి గీత, రెండు వైపులా చుక్కలు. ఎడారి ఎలుక దూకిన చోట జంట గుంటలు. నక్క అడుగులు ఒకే వరుసలో, దారం పట్టినట్టు. ఒక్కోసారి ఎలుక గుంటలు, నక్క వరుస ఒకచోట కలుస్తాయి, అక్కడ ఇసుక చెదిరి ఉంటుంది, తర్వాత నక్క వరుస మాత్రమే సాగుతుంది. విడివిడిగా, ఏటవాలుగా, కొక్కెం ఆకారంలో పడిన గీతలు కనిపిస్తే జాగ్రత్త. అది రంపం లాంటి పొలుసులున్న చిన్న పింజర, పక్కవాటుగా పాకుతుంది. మూరెడు, మూరన్నర ఉంటుంది, ఇసుకలో ఒళ్లు పూడ్చుకుని పడుకుంటుంది. కాలికి బూట్లు, రాత్రి చేతిలో టార్చి తప్పనిసరి.

పాముల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. అక్కడ పీవణా అనే పాము గురించి భయంగా చెబుతారు. అది రాత్రి నిద్రపోతున్న మనిషి గుండెల మీదెక్కి ఊపిరి తాగేస్తుందని, పొద్దునకి మనిషి చనిపోతాడని. నిజానికి అది కట్లపాము జాతి. కాటు పెద్దగా నొప్పి పుట్టదు, వాపు రాదు, విషం నరాల మీద పనిచేసి ఊపిరి ఆగిపోతుంది. గాటు కనిపించదు కాబట్టి ఊపిరి తాగిందనుకున్నారు. వాళ్లు చూసింది మాత్రం తప్పు కాదు, నేల మీద పడుకున్నవాళ్లే పోతారని వాళ్లకి తెలుసు. అందుకే ఎంత పేద ఇంట్లోనైనా మంచం ఉంటుంది. మీరు దోమతెర అంచులు పరుపు కిందికి మడిచి పడుకోండి. ఏ మాత్రం అనుమానం వచ్చినా మంత్రగాడి దగ్గర కాదు, జిల్లా ఆసుపత్రిలో తేలాలి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన సంగతి. గుడిసె పక్కన ఒక చెట్టు ఉండేది, ఖేజ్డీ అన్నారు. వారం దాకా నేను పట్టించుకోలేదు. ఒక రోజు కొమ్మ వంచి చూస్తే చిన్న చిన్న జంట ఆకులు, పొట్టి ముళ్లు. జమ్మి చెట్టు! తెలంగాణ రాష్ట్ర వృక్షం, రాజస్థాన్ రాష్ట్ర వృక్షం రెండూ ఇదే. మనకి దసరా రోజు ఆకు బంగారం. అక్కడ రోజూ బంగారమే. ఆకు మేకలకి, ఒంటెలకి మేత, దాన్ని లూంగ్ అంటారు. పచ్చి కాయలు సాంగ్రీ, కూర వండుతారు, ఎండబెట్టి ఏడాదంతా దాచుకుంటారు. వేర్లు చాలా లోతుకి వెళ్తాయి కాబట్టి ఎండలు ముదిరి మిగతావన్నీ మాడిపోయే రోజుల్లో ఇది కొత్త చిగురు వేస్తుంది. దాని నీడలో సజ్జ పైరు ఇంకా బాగా వస్తుంది. జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ గ్రామంలో 1730లో రాజుగారి మనుషులు సున్నం బట్టీల కట్టెల కోసం ఈ చెట్లు కొట్టడానికి వస్తే, అమృతాదేవి అనే బిష్ణోయీ స్త్రీ చెట్టుని వాటేసుకుని ప్రాణం ఇచ్చింది. ఆమెతో కలిపి మొత్తం 363 మంది. ఈ సంగతి నేను చదివి ఉన్నాను. కానీ నలభై ఆరు డిగ్రీల ఎండలో ఆ చెట్టు కింద కూర్చుని, పైన లేత చిగురు చూశాక, వాళ్లు ఎందుకు చనిపోయారో ఒంటికి తెలిసింది.

2017 దసరాకి నేను అక్కడే ఉన్నాను. ఆ రోజు ఇల్లు బాగా గుర్తొచ్చింది. నోట్‌బుక్‌లో కాగితం చింపి, మా అమ్మ రాయించినట్టే "శమీ శమయతే పాపం" శ్లోకం రాసి, ఇంట్లో వాళ్ల పేర్లు రాసి, కొమ్మకి గుచ్చాను. మూడు ప్రదక్షిణలు చేస్తుండగా కాకోసా వచ్చాడు, చేతిలో కొబ్బరికాయ, కుంకుమ. వాళ్లూ ఆ రోజు ఖేజ్డీని పూజిస్తారని నాకు తెలియదు. ఆ కాగితం ఏమిటని అడిగాడు, చెప్పాను. తన ముగ్గురు కొడుకుల పేర్లు కూడా అందులో రాయమన్నాడు. ఒక కొడుకు గుజరాత్‌లో కూలి పనికి వెళ్లి నాలుగేళ్లయింది. తెలుగు లిపిలో ఆ మూడు పేర్లు రాస్తుంటే ఆయన ఒక్కో అక్షరం చూస్తూ నిలబడ్డాడు.

బట్టమేక పిట్ట సంగతి చెప్పకుండా ముగించలేను. అక్కడ దాన్ని గోడావణ్ అంటారు. మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎగరగలిగే పక్షుల్లో చాలా బరువైన వాటిలో ఇదొకటి. ఇప్పుడు లోకం మొత్తం మీద నూట యాభైకి అటూ ఇటూ మాత్రమే ఉన్నాయి. జూలైలో ఒక పొద్దున దూరంగా బైనాక్యులర్స్‌లో ఒక ఆడ పిట్టని చూశాను. గూడు లేదు, పుల్ల లేదు, ఉత్త నేల మీద ఒకే ఒక్క గుడ్డు. ఎండ ఎక్కే కొద్దీ అది రెక్కలు కొద్దిగా విప్పి, గుడ్డు మీద నీడ పడేలా నిలబడింది. సూర్యుడు కదిలితే అదీ కదిలింది. నేను మూడు గంటలు చూశాను, అది నీళ్లకి వెళ్లలేదు.

ఆ గుడ్డు నుంచి పిల్ల వచ్చినా దానికి పెద్ద గండం తీగలు. ఈ పిట్టకి ఎదురుగా ఉన్నది సరిగ్గా కనిపించదు, కళ్లు పక్కలకి ఉంటాయి. బరువు వల్ల చటుక్కున పక్కకి తిరగలేదు. హైటెన్షన్ తీగలకి తగిలి చచ్చిపోతుంది. 2021లో సుప్రీంకోర్టు ఈ ప్రాంతంలో తీగలు భూమి కింద వేయమంది. 2024లో ఆ ఆదేశాన్ని సవరించి నిపుణుల కమిటీ వేసింది. ఎండ, గాలి దండిగా ఉన్నాయని సోలార్ పలకలు, గాలిమరలు ఇక్కడికే వస్తున్నాయి. మనకి కరెంటు కావాలి, నిజమే. కానీ కాగితాల్లో ఈ నేలని "బంజరు" అని రాసుకుని పని మొదలుపెట్టడం నాకు కడుపుమంట. ఆ ఒక్క మాట వల్లే మా రోళ్లపాడు చుట్టుపక్కల గడ్డి నేలలు కూడా పోయాయి. చెట్లు లేకపోతే అడవి కాదు, పంట లేకపోతే నేల కాదు అన్న లెక్క తప్పు. మీరు అడిగిన మూడో ప్రశ్నకి నా జవాబు ఇదే: పచ్చగా లేని చోట కూడా నేల నిండుగా ఉంటుందని నేను అక్కడ నేర్చుకున్నాను. ఊరికి తిరిగొచ్చాక మా సీమ బీళ్లని వేరే కళ్లతో చూశాను.

ఇక మీరు చేయాల్సింది. ఏడాది అని ముందే అనుకోవద్దు, ఉద్యోగం మానొద్దు. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య సెలవు పెట్టి పదిహేను రోజులు ఉండి రండి. ఆ నెలల్లో రాత్రి చలి బాగా ఉంటుంది, ఒక్కోసారి సున్నా దగ్గరికి దిగుతుంది, మంచి రజాయి కావాలి. ఆకాశం మాత్రం అద్భుతం. పిల్లలకోడి చుక్కల్ని, అంటే కృత్తికల్ని, నేను చిన్నప్పుడు ఆరు లెక్కపెట్టేవాణ్ణి, అక్కడ తొమ్మిది దొరికాయి. డెజర్ట్ నేషనల్ పార్క్ లోపల ఇష్టం వచ్చినట్టు ఉండనివ్వరు, అటవీ శాఖ అనుమతి కావాలి. సరిహద్దు వైపు చాలా ఊళ్లకి బయటివాళ్లు వెళ్లాలన్నా జిల్లా అధికారుల అనుమతి ఉండాలి. డ్రోన్ తీసుకెళ్లొద్దు. ఢాణీకి దగ్గర్లో, పిలిస్తే వినపడకపోయినా పొగ కనిపించేంత దూరంలో ఉండండి. కొద్దిగా మార్వాడీ, లేదా కనీసం హిందీ నేర్చుకోండి. ఆ పదిహేను రోజులు గడిచాక మళ్లీ రావాలనిపిస్తే, ఏప్రిల్లో ఒక వారం ఉండి చూడండి. ఏడాది గురించి ఆ తర్వాత ఆలోచించండి.

వెళ్లేటప్పుడు బెల్లం, టీపొడి తీసుకెళ్లండి. నీళ్లకి డబ్బులిస్తే నొచ్చుకుంటారు. పొద్దున్నే బేరీ దగ్గరికి వెళ్లి, వాళ్ల కడవలు నిండేదాకా తాడు మీరు లాగండి.